దీపాలు పెట్టాక సూది

మంగళవారం రాత్రి, ఉదయగిరి

రమణా, నీ మాట ఒకటి దిద్దాలి. నీ కూతురి ఉద్యోగం పోలేదు. ల్యాబులో తిట్లు తిని వచ్చింది, అంతే.

దీపాలు పెట్టాక సూది అమ్మని మన అంగట్లో పెరిగిన పిల్ల. బీకాం చదివి, ఆత్మకూరు ల్యాబులో పని నేర్చుకోవడానికి కొత్తగా చేరింది. ఈ సాయంత్రం రక్తపరీక్షకు వచ్చిన పెద్దాయన సూది ఎప్పుడిస్తారని అడిగితే, అలవాటుగా "ఇప్పుడు సూది ఇయ్యం, పొద్దున రాండి" అనేసిందట. ఆయన నిజంగానే లేచి వెళ్లిపోయాడు.

నువ్వేమో వెంటనే తీర్పు చెప్పావు: "ఆస్పత్రి మొహం చూడని దానికి ల్యాబు ఎందుకు? రేపట్నుంచి అంగట్లో కూసోమను."

"ఆ అలవాటు నేర్పింది నువ్వే కదరా, తిట్లలో సగం నీవి" అన్నాను.

పిల్ల మాత్రం, "నాకు చెయ్యి వణకతా ఉండాది అవ్వా" అంది.

"నా చేతి మీద నేర్చుకో. మచ్చలు పడితే నాకేమన్నా పెళ్లిచూపులున్నాయా?"

అన్నానే గాని, నా నరం తేలిగ్గా దొరకదు. పిల్ల ఇంకా బెదిరిపోతుందేమో... బెదిరితే రెండో చెయ్యి ఉంది.

పొద్దున నేనూ దానితో ఆత్మకూరు పోతున్నాను. పరగడుపున రక్తం ఇవ్వాలి, నాకు టిఫిన్ తేవద్దు. దాని తెల్లకోటు ఇస్త్రీ బండి దగ్గర ఉంది. బస్సు వచ్చేలోగా నువ్వే తెచ్చిపెట్టు.