తిట్లు తినడానికి రండి

అయ్యా,

ప్రతి ఎన్నికల్లోనూ ఒక చిన్న పార్టీ తరఫున మీ మీద నిలబడి ఓడిపోయే మనిషి కూతుర్ని. ఈసారి నాన్న పక్షవాతంతో మంచాన పడి నామినేషన్ వేయలేకపోయారు. గెలిచాక మీరు మా ఇంటికొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "మీరు తిట్టకపోతే నాకు గెలిచినట్టే లేదండీ" అన్నారు.

మాట పడిపోయాక నోరు తెరవడానికే ఇష్టపడని నాన్న, మీరు వెళ్ళగానే గడ్డం గీయించుకుని మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టారు. మా వీధి మురుగుకాలువ గురించి మీ మీద ప్రసంగం తయారవుతోంది. నిన్న "మురుగు" అని స్పష్టంగా పలికారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

వీలు చూసుకుని ఒక్కసారి తిట్లు తినడానికి రండి. దయచేసి కాలువ మాత్రం ఆ తర్వాతే బాగుచేయించండి.

ఇట్లు,
మీ ప్రత్యర్థి గారి అమ్మాయి