పదకొండో పాఠం

2 ఫిబ్రవరి 2007, శుక్రవారం

చేరిపోయాను. మెడికల్ అసిస్టెంట్ కోర్సు. మూడు నెలలు, శుక్రవారాలు మాత్రమే, ఫింటాస్‌లో ఒక ఫ్లాట్లో. ఫీజు నూట ఎనభై దీనార్లు. ఈ మిష్రిఫ్ ఇంట్లో నా జీతం యాభై. అంటే మూడున్నర నెలలపాటు అంట్లు తోమి, బాత్రూములు కడిగి సంపాదించేదంతా అక్కడ పోసి రావాలి. కోర్సయ్యాక క్లినిక్‌లో నూట నలభై ఇస్తారట. మా ఆయన ఆనందబాబు సెల్‌లో కూడికలూ తీసివేతలూ చేసి, ఏడాదికి ఎంత మిగులుతుందో చూపించారు. నాకు నవ్వొచ్చింది.

నిజానికి మాకు కావలసింది ఆ అంకె కాదు. క్లినిక్ వీసా అయితే కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, ఉండనక్కర్లేదు. మా ఆయన సల్వాలో ఇంటి డ్రైవరు, నేనిక్కడ. పెళ్లయి నాలుగేళ్లు. కలిసేది శుక్రవారం చర్చిలో. అక్కడా ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. ఒక గది కావాలి. మేమిద్దరం తలుపేసుకునే గది. దానికే ఈ ఫీజు.

16 ఫిబ్రవరి

జోనాథన్ సారు పూర్వం ల్యాబ్‌లో పనిచేశారట. మొత్తం పన్నెండు పాఠాలు. వారానికొకటి, పుస్తకంలో ఉన్న వరసే. ఎవరైనా ముందుది అడిగితే, తొందరెందుకమ్మా, దాని టైముకి అదే వస్తుంది అంటారు.

ప్రాక్టికల్స్‌లో నా జోడీ షగుఫ్తా. రాయచోటి పిల్ల, నోరు ఆగదు. మాటకు ముందు ఆయ్ ఆయ్ అంటావేందక్కా, మీ ఊర్లో అందరూ ఇట్లనేనా అని నన్ను రోజంతా ఏడిపిస్తుంది. దాని పక్కన కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది.

9 మార్చి, రాత్రి

ఆరో పాఠం, రక్తం తీయడం. షగుఫ్తా చేయి చాపింది. మొదటిసారికే వచ్చేసింది! అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో సూదికి మూత పెట్టబోయాను. గురి తప్పి నా ఎడమ బొటనవేల్లో దిగింది. ఒక్క చుక్క. డెట్టాల్ రాసుకున్నాను.

తర్వాత అదే రక్తంతో కామెర్ల టెస్టు చేయించారు సారు. స్ట్రిప్ మీద ఒక గీత వస్తే జబ్బు లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. రెండొచ్చాయి. ఏందక్కా, నేను కడుపుతో ఉండానా ఏంది అని అది పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు. కిట్ పాతది, డేట్ అయిపోయింది, రికార్డులో ఎక్కించొద్దు అన్నారు.

అందరూ వెళ్లాక సారుకి వేలు చూపించాను. హాస్పిటల్‌కి వెళ్తే ఎక్కడ గుచ్చుకుందని అడుగుతారు, మన క్లాసుకు పర్మిషన్ లేదు, మూసేస్తే అందరి ఫీజులూ పోతాయి, నీది కూడా అన్నారు. ఏం కాదులేమ్మా అన్నారు.

నూట ఎనభై. ఊరుకున్నాను.

10 మార్చి

నొప్పి కూడా లేదు.

23 మార్చి

షగుఫ్తా రాలేదు. ఏదో క్లినిక్ వాళ్లు కోర్సు అవ్వకముందే తీసుకున్నారట, వీసా మార్చడానికి మెడికల్‌కి, అదే సర్కారు రక్తపరీక్షకి, పంపారట. దొంగమొహంది, నాతో ఒక్క మాట చెప్పలేదు. కుళ్లుకున్నాను. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నా, బాగా కుళ్లుకున్నాను.

30 మార్చి

పక్క విల్లాలో పనిచేసే రెడ్డెమ్మదీ రాయచోటే. చెత్త పడేయడానికొచ్చి చెప్పింది. ఆ పిల్లను పంపించేసినారంట, రక్తంలో కామెర్ల జబ్బు దొరికినాదంట, వేలిముద్రలు తీసుకున్నారంట, ఇంక ఈ దేశంలో కాలు పెట్టేది లేదంట, ఖలాస్ అని. బట్టల పెట్టె ఇంకా ఇక్కడే ఉందట.

కిట్ పాతది కాదు.

6 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

క్లాసు లేదు. ప్రార్థనలో నా మనసు నిలవలేదు. బయటికొచ్చాక ఆయన, ఫింటాస్‌లో గది చూశానే, అడ్వాన్సు కూడా ఇచ్చేశాను, కిటికీలోంచి మెడ చాపితే సముద్రం కనిపిస్తుంది అన్నారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ ముఖంలో వెలుగు చూసి మూసుకున్నాను. ఛీ, నాదీ ఒక నోరేనా.

20 ఏప్రిల్

పదకొండో పాఠం: సూది గుచ్చుకుంటే ఏం చేయాలి.

వాడిన సూదికి మూత పెట్టకూడదు. గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడగాలి. ఇరవై నాలుగు గంటల్లో వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోవాలి, మరీ ఆలస్యమైతే వారంలోపు. జబ్బు అంటితే రక్తంలో తేలడానికి నెల పట్టొచ్చు, రెండున్నర నెలలూ పట్టొచ్చు.

పాఠమంతా బోర్డు వైపు తిరిగే చెప్పాడు. అవును, చెప్పాడు. ఇక నా పుస్తకంలో ఆయనకు గారూ లేదు, రూ లేదు.

క్లాసయ్యాక, నలభై రెండు రోజులైంది సార్, ఇది ఆరోజే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పుస్తకంలో పదకొండోదమ్మా అన్నాడు. పోనీ ఒక కిట్ ఇవ్వండి, నేనే చూసుకుంటాను అన్నాను. అయిపోయాయట. చెప్పు తీసి కొట్టాలనిపించింది. వచ్చి నోట్సు మాత్రం పొల్లుపోకుండా రాసుకున్నాను.

29 ఏప్రిల్

క్లినిక్‌లో పని ఖాయమైంది. ఇంటి యజమానురాలు, మేం మామా అంటాం, నన్ను వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టింది. పిల్లలు నీకోసం ఏడుస్తారు అని తనే ఏడ్చింది. నా చోటికి శ్రీలంక పిల్ల వచ్చేసింది, నా మంచం తనకిచ్చి కింద పడుకుంటున్నాను. ఇప్పుడు వెళ్లనంటే మామా ఎందుకని అడుగుతుంది. ఏమని చెప్పను? మెడికల్ మే ఎనిమిదిన.

ఆయన ఫోన్. కర్టెన్లు ఏ రంగువి తీసుకోమంటావే అని. నీలం అన్నాను.

5 మే

కళ్లు పచ్చగా ఉన్నట్టున్నాయి. ట్యూబులైటు వల్లేమో. ఎండలోకి వెళ్లి చూసుకున్నాను. తెలియడం లేదు. దేవా, భయంగా ఉంది.

8 మే, మంగళవారం, ఉదయం 9.20

గుచ్చుకుని అరవై రోజులు. క్యూ తొందరగానే కదిలింది. రక్తం తీసే అమ్మాయి కొత్తదనుకుంటా, రెండుసార్లు గుచ్చినా రాలేదు. సారీ సిస్టర్ అంది.

ఇక్కడ గుచ్చు అని నరం నేనే చూపించాను.