ప్రభుభోజనానికి ముందు చదవవలసిన వీలునామా

1963వ సంవత్సరం అక్టోబరు 14వ తేదీన, హసన్‌పర్తి నివాసి, కీర్తిశేషులు జన్ను సాంబయ్య భార్య, చర్చి పరిచారకురాలు జన్ను మార్తమ్మ అను నేను రాసుకున్న వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. కళ్ళు మసకబారాయి గానీ, గుళ్ళో ముందు బెంచీల మీద ఎవరు కూర్చుంటారో, వెనక చాపల మీద ఎవరు కూర్చుంటారో ఇప్పటికీ బాగానే కనబడుతుంది. మాదిగవాడలో కట్టమ్మగా పుట్టాను. బాప్తిస్మం ఇచ్చిన నాడు నా పేరు నీళ్ళలో పోయింది. కులం మాత్రం తడవకుండా పైకొచ్చింది.

నా తదనంతరం నా ఆస్తి ఈ విధంగా చెందవలెను.

1. నేనుంటున్న ఇల్లు, సామానుతో సహా, నా ఏకైక కూతురు సుగుణకు సర్వహక్కులతో చెందును. పెట్టె అడుగున తెల్లచీర ఉంది. దాని పెళ్ళికని కొన్నది. బిడ్డా, పెళ్ళి కాలేదని దాన్ని చెదలకు వదలకు. బజారుకైనా సరే, కట్టుకొని పో.

2. మా నాయన డప్పు నా తమ్ముడు కొమురెల్లికి. మేము మతం పుచ్చుకున్నప్పుడు అది సైతాను వాద్యమని అటక ఎక్కించమన్నారు. హార్మోనియం ఎప్పుడు బాప్తిస్మం తీసుకుందో నాకెవరూ చెప్పలేదు. తమ్ముడు మతం మారలేదు, నన్ను వదలనూ లేదు. తోలు సడలింది, మంట దగ్గర బాగా కాచి నా శవం ముందు కొట్టవలెను; ఈ మాట వాడికి ముందే చెప్పి ఉంచాను.

3. సంఘ పెద్ద, బట్టల దుకాణం వెంకట్రాజం గారికి నా ఇత్తడి గ్లాసు. ఆయన కొడుకు రాంచందర్ సుగుణను చేసుకుంటానన్నప్పుడు, "దేవుని ముంగట మనమంతా ఒక్కటే మార్తమ్మా, గని పెండ్లంటే చుట్టాలకు జవాబు చెప్పుకోవాలె గద" అన్నాడీ పెద్దమనిషి. తరువాత చర్చి పక్కనున్న నా స్థలం అడగడానికి వచ్చినప్పుడల్లా ఈ గ్లాసుతోనే నీళ్ళిచ్చాను. "ఇప్పుడే తాగొచ్చిన, దూప లేదు" అన్నాడు. ఇక దూప అయినప్పుడు తాగవచ్చు. నేనుండను గదా.

4. ఆ స్థలం సంగతి. ప్రభుభోజనం నాడు ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు మన చర్చిలో రెండు పళ్ళేలలో వెళ్తాయి. ఒకటి ముందు బెంచీలకు, ఒకటి వెనక చాపలకు. వాటిని వేర్వేరుగా కడగమని నాకు చెప్పారు. కడుగుతున్నాననే అందరూ అనుకున్నారు. ఇన్నేళ్ళూ అన్నిటినీ ఒకే గంగాళంలో కడిగి, ఒకే గుడ్డతో తుడిచి, చేతికందినట్టు పళ్ళేలలో సర్దాను. మాదిగలు తాగిన గ్లాసుల్లోనే మీరందరూ తాగారు. ఎవరూ చావలేదు. నేనిది పశ్చాత్తాపపడి చెప్పడం లేదు. పశ్చాత్తాపం నా వంతు కాదు.

కాబట్టి నా మరణం తరువాత వచ్చే మొదటి ప్రభుభోజనం నాడు, గ్లాసులు పంచకముందే ఈ కాగితం గుళ్ళో చదవవలెను. ఆ రోజు పళ్ళెం ఒక్కటే ఉండవలెను. అది మొదట వెనక చాపలకు, తరువాత బెంచీలకు పోవలెను. అందరూ తాగితే స్థలం చర్చికి చెందును. ముందు బెంచీల్లో ఒక్క చెయ్యి వెనక్కి పోయినా అది కొమురెల్లికి చెందును. కన్నీళ్ళు వద్దు. మన సంఘంలో కన్నీళ్ళకు ఎప్పుడూ కరువు లేదు. గ్లాసు ఎత్తి తాగండి చాలు.

5. దీన్ని చదివి అమలు జరిపే బాధ్యత స్టేషన్ ఘన్‌పూర్ బడి పంతులు యాకయ్య గారిది. ఆయన గొంతు పెద్దది, మొహమాటం తక్కువ.

ఇది చదివించి విని, నా రెండు పేర్లతో చేసిన సంతకం.

జన్ను మార్తమ్మ
కట్టమ్మ

సాక్షులు:
1. అనసూయ, దవాఖాన ఆయా, హసన్‌పర్తి.
2. రాంచందర్, తండ్రి వెంకట్రాజం, బట్టల దుకాణం. సంతకం పెట్టేముందు మూడో అంశంలోని గ్లాసు అడిగి తీసుకొని, మా ఇంట్లో నీళ్ళు తాగినవాడు.