మందు మరిచిన సీసాలు

అక్కా,

ఫోన్లో చెప్పడానికి ముఖం చెల్లక రాస్తున్నాను. ఆఖరిదాకా చదివి అప్పుడు తిట్టు.

నీ గడ్డని పధ్నాలుగు నెలలు కుక్కిన పేనులా పడుండేలా చేసి, ఇప్పుడు చేతులెత్తేసిన నీ బిళ్ళ ఉంది చూడు, ల్యాబులో నా పని దాని మీదే. ఎవరో పేషెంటు ఇచ్చిన క్యాన్సర్ కణాలకి ఆ మందునే కొంచెం కొంచెం పెంచుతూ పోస్తాను. చాలావరకు చస్తాయి. చావకుండా మిగిలినవాటిని మొండిఘటాలంటాను. అవి ఎలా తట్టుకుంటున్నాయో తెలిస్తే వాటినే కొట్టే కొత్త మందు చేయొచ్చు. ఎనిమిది నెలలు కష్టపడి మూడు సీసాలు పెంచాను.

శుక్రవారం నీ స్కాను రిజల్టు వచ్చింది. గడ్డ మళ్ళీ పెరుగుతోందని, ఎవరిదో మిక్సీ పాడైనట్టు మామూలుగా చెప్పి ఫోను పెట్టేశావు. ఆ కంగారులో సీసాల్లో తిండి నీళ్ళు మార్చాను గానీ మందు కలపడం మర్చిపోయాను. బుధవారం చూస్తే మూడింట్లోనూ కణాలు అడుగు వదిలేసి తేలుతున్నాయి. అన్నీ చచ్చిపోయాయి.

ల్యాబు నడిపే మేడంకి చెప్పలేదు. రోజూ చేసిన పని రాసే ల్యాబు పుస్తకంలో "బూజు పట్టింది, పారేశాను" అని రాసేశాను. రెండూ అబద్ధాలే. పారేయడానికి చేతులు రాక సీసాలు దాచే ఉంచాను. నీ జబ్బు కోసం చేస్తున్న పనిని నీ మీద బెంగతోనే పాడుచేశాను అక్కా.

నీ చెల్లి

*

ఒసేయ్ కంగారూ,

తిట్లు తర్వాత. ముందు ఒకటి చెప్పు. ఆ మందు పోసేది చంపడానికే కదా? మరి అది లేకపోతే హాయిగా బతకాల్సినవి ఎందుకు చచ్చాయి? ఏడుస్తూ కూర్చున్నావు గానీ ఈ మాట నీకు తట్టనే లేదు. నిన్నటి నుంచి నా బుర్ర తినేస్తోంది.

మా కొట్టుకి కాలిపోయిన మిక్సీ వస్తే పారేయమంటానా? విప్పి చూస్తాను. కొన్ని మోటార్లు బరువు మోసినంతసేపూ బాగానే తిరుగుతాయి. బరువు తీసేస్తే మాత్రం పట్టపగ్గాల్లేకుండా వేగం పెరిగి వాటంతటవే పాడవుతాయి. నీ మొండిఘటాలకి మందు అలాంటి బరువేమో? దాన్ని ఈడ్వడానికి లోపలి మోటారు పెంచుకున్నాయేమో? నాకు తెలీదు, నువ్వే చూడు. మందు ఎరగని మామూలు క్యాన్సర్ కణాలు కూడా పెంచుతావుగా, అవీ ఆ రోజు అవే నీళ్ళు తాగాయిగా, ఎలా ఉన్నాయి?

పుస్తకంలో రాసింది నాకు నచ్చలేదు. జబ్బు నాది, అబద్ధం నీది. రెండూ కలపకు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజే పరిగెత్తాను. మామూలు కణాలు నిక్షేపంగా ఉన్నాయి! అవే నీళ్ళు, కణాల్ని వెచ్చగా ఉంచే అదే పెట్టె. తేడా ఒక్కటే, వాటికి మందు అలవాటు లేదు.

పుస్తకంలో అబద్ధాన్ని కనబడేలా ఒక్క గీతతో కొట్టేసి, కింద జరిగింది రాసి, మేడం ముందు పెట్టాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆవిడ రెండుసార్లు చదివింది. "అబద్ధం సంగతి తర్వాత చూస్తా. ఆ మొండి కణాలు కొన్ని ముందే ఫ్రీజర్లో దాచావుగా, ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"అయితే వాటిని పెంచి, మళ్ళీ మర్చిపో. ఈసారి కావాలని."

అందుకే ఇన్ని వారాలు నీకు రాయలేదు. ఐదో రోజుకి మళ్ళీ తేలాయి! మందుని తట్టుకోవడానికి, పెరగమని చెప్పే సంకేతాన్ని లోపల విపరీతంగా పెంచుకున్నాయి. మందు తీసేసరికి ఆ వేగం వాటికే భరించరానిదైంది. అచ్చం నువ్వన్న మోటారే. దానికి కణంలోనే చిన్న బ్రేకు ఒకటుంది. ఆ బ్రేకుని పీకేసే మందు దొరికితే మొండిఘటాలే ముందు చస్తాయేమో. మేడం ఇప్పుడు దాని వెంట పడింది.

ఏళ్ళు పడుతుంది అక్కా. నీకు అందుతుందని రాయాలని ఎంతగానో ఉంది, రాయలేను. అందరి కణాలూ ఇలా చావవు కూడా. నా సీసాల్ని చూసి నువ్వు బిళ్ళ మానేసేవు! డాక్టరు చెప్పినట్టే వేసుకో.

ఈ ఊహ ఎవరిదని మేడం అడిగింది. "మా అక్కది. మిక్సీలు బాగుచేస్తుంది" అని పుస్తకంలో రాశాను. ఆవిడ దాని కింద సంతకం పెట్టింది.

నీ చెల్లి

*

కంగారూ,

కొత్త మందు ఏదివ్వాలో తేల్చడానికి మొన్న నా గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. మిగిలింది పరిశోధనకి ఇస్తారా అన్నారు. మీ ల్యాబు పేరు చెప్పి సంతకం పెట్టి వచ్చాను.

సీసా మీద పేరుండదట, నంబరే ఉంటుందట. అయినా నువ్వు పసిగడతావు. నావని గారాబం చేయకు. అసలే పధ్నాలుగు నెలల మొండివి. మందు పోసి పెంచి, ఒక శుక్రవారం మర్చిపో.

బుధవారం ఏమవుతుందో చూడాలని చిన్నపిల్లలా ఆత్రంగా ఉంది. భయంగానూ ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు. తేలితే రాయి. తేలకపోతే, నా ముఖం గుర్తొచ్చి పెన్ను ఆగుతుంది చూడు, అప్పుడు ఆగకు. తేలలేదనే రాయి.

అక్క