నత్తలూ తిండిపోతూ

మార్చి 3, మంగళవారం

ఈ రోజు ఇంట్లో పెద్ద పంచాయితీ. వెనక గది ఎవరిదన్నదే గొడవ. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసినన్నాళ్లూ అది నా గది. ఇప్పుడు పెళ్లివాళ్లే ఫోన్లో కత్తిరించుకుని, పాట అతికించుకుని, చుట్టాలందరికీ పంపేసుకుంటున్నారు. నా రెండు కంప్యూటర్లూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. ఆ గది తనకిస్తే బ్యూటీ పార్లర్ పెట్టుకుంటానంది మా ఆడపడుచు. టేపు తెచ్చి గోడ కూడా కొలిచేసింది.

గది ఖాళీగా లేదు, మైనింగ్ మొదలుపెడుతున్నాను అనేశాను. ఆ ముక్క ఏదో వీడియోలో విన్నానంతే. గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్లు రాత్రీ పగలూ లెక్కలు చేస్తుంటే కాయిన్లు, అంటే కంప్యూటర్లలోనే చలామణి అయ్యే డబ్బు, పుడతాయట. ఆయన ఎటూ మాట్లాడరు కదా, పెళ్లానికీ చెల్లెలికీ మధ్య నెలాఖరు దాకా గడువు పెట్టి పేపరు తిరగేసుకున్నారు. ఒక్క కాయిన్ నా వాలెట్లో, అంటే వాటిని దాచుకునే ఖాతాలో, పడితే గది నాది. లేకపోతే అద్దాలూ కుర్చీలూ.

ఆ గది పోతే ఈ ఇంట్లో నేను తలుపు వేసుకుని కూర్చునే చోటు ఉండదు. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మార్చి 4

పెద్ద కాయిన్లు మన చేతికందవట. గోడౌన్ల నిండా మెషిన్లు పెట్టుకున్నవాళ్లున్నారట. ఎవరూ పట్టించుకోని చిన్న కాయిన్ ఏదైనా చూసుకోండి మేడమ్ అన్నాడు నేను ఫోన్లో కొత్తగా చేరిన మైనింగ్ గ్రూపు అడ్మిన్. వెతికితే ఒకటి దొరికింది. దాని గుర్తు నత్త. అసలు పేరు నోరు తిరగదు, ఇక్కడ నత్త అనే రాసుకుంటాను. దాన్ని తవ్వేవాళ్లందరూ ఒక్క చిన్న బస్సులో పట్టేస్తారు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని గ్రూపులో అడిగాను. వాళ్లలో వాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టి నన్ను మర్చిపోయారు.

మార్చి 6

మొదటి సాఫ్ట్‌వేర్. రంగురంగుల మీటర్లు, గ్రాఫులు, చూడముచ్చటగా ఉంది. డౌన్‌లోడ్ అయింది, మాయమైంది. మళ్లీ చేశాను, మళ్లీ మాయం. యాంటీవైరస్ మింగేస్తోందట. మైనింగ్ సాఫ్ట్‌వేర్ ఏది కనబడ్డా దానికి దొంగలాగే ఉంటుంది, కాసేపు దాన్ని ఆపెయ్యండి అన్నాడు అడ్మిన్. దొంగొస్తున్నాడు, కుక్కని కట్టెయ్యండి అన్నట్టుంది. నాకొద్దు.

మార్చి 7

రెండోది. మీ కార్డు మరీ పాతది, నా వల్ల కాదు అని మొహం మీదే చెప్పింది. వయసు గురించి ఇంట్లోవాళ్లు అంటున్నది చాలదా? తీసి పారేశాను.

మార్చి 9, సోమవారం

మూడోది కుదిరింది! అందం చందం ఏమీ లేదు, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. దాన్ని రాసింది ఒక్కడే మనిషి. వచ్చినదాంట్లో నూటికి ఒకటి ఫీజు కింద పట్టుకుంటాడట. పట్టుకోనీ పాపం. స్టార్ట్ ఫైలు తెరిచి, అందులో నా వాలెట్ అడ్రస్ జాగ్రత్తగా అతికించి, రెండు మెషిన్లలో చిన్నదాంట్లో నొక్కాను. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. నత్తని అందరూ కలిసి తవ్వి, ఎవరి పని కొద్దీ వాళ్లు పంచుకునే చోటొకటి ఉంది, పూల్ అంటారు. ఆ పేజీలో నా అడ్రస్ కనిపించింది. ఒక నత్త పూర్తిగా పోగైతేనే వాలెట్‌లో వేస్తారట. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మా ఆడపడుచు తొంగిచూసి, ఈ వేడిగాలి బాగుంది వదినా, తలారబెట్టుకోవచ్చు అని వెళ్లిపోయింది.

మార్చి 10

పెద్ద మెషిన్లో కూడా ఎక్కించాను. ఈసారి చెయ్యి తిరిగింది కదా, ఇలా విప్పి అలా నొక్కాను. టీ చల్లారేలోపు అయిపోయింది. నన్ను చూస్తే నాకే ముచ్చటేసింది.

మార్చి 11

పూల్‌లోకి ఎవడో కొత్తవాడు దిగాడు. దిగుతూనే నాకు మూడింతల వేగం. వచ్చిందంతా వాడే మేసేస్తున్నాడు. రెండు మెషిన్లు నడుస్తున్నా నా అడ్రస్ పక్కన వేగం అంకె మొన్నటిలాగే ఉంది. అంటే నా వాటా కూడా వాడి నోట్లోకే పోతోందన్నమాట. వాడికి తిండిపోతు అని పేరు పెట్టాను.

మార్చి 12

గ్రూపులో తిండిపోతుని దొంగ అని రాశాను. ఇద్దరు లైక్ కొట్టారు.

మార్చి 15, ఆదివారం

ఆయన వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటుంటే ఫ్యూజు ఎగిరిపోయింది. మెషిన్లు చల్లబడ్డాయి. ఉసూరుమంటూ ఫోన్లో పూల్ చూశాను. తిండిపోతూ ఆగిపోయాడు! ఆయన ఫ్యూజు వేశారు. నేను వచ్చాను, వెనకాలే వాడూ వచ్చాడు.

వీడు మా వీధివాడే, అనుమానం లేదు. మా కరెంటు పోతే వీడికీ పోతోంది. పోయింది మన ఇంటి ఫ్యూజు కదే అన్నారాయన. ఆయనకి కంప్యూటర్ల సంగతి ఏం తెలుసు?

మార్చి 16

వీధి చివర ఫొటో స్టూడియో అతను మొదటినుంచీ నాకు పోటీ. పాస్‌పోర్టు ఫొటో వంకతో వెళ్లాను. స్టూలు మీద కూర్చోగానే లోపలినుంచి గుయ్యిమని చప్పుడు. కదలకండి మేడమ్, కదలకండి అని అతను మొత్తుకుంటున్నా వినకుండా వెళ్లి తెర లాగి చూశాను. ఫ్రిజ్. దాని పక్కన వాళ్లావిడ భోంచేస్తోంది. మీ ఇంట్లో నత్తలేమైనా ఉన్నాయా అని నోరు జారాను. మా ఇల్లు శుభ్రంగానే ఉంటుందండీ అంది ఆవిడ, ముద్ద చేతిలో పట్టుకుని.

ఫొటోలో నా మొహమే దొంగ మొహంలా ఉంది.

మార్చి 22, ఆదివారం

ఇస్త్రీ. ఫ్యూజు. తిండిపోతు ఆగాడు. వాళ్లింట్లో కూడా ఆదివారమే ఇస్త్రీ చేసుకుంటారు కాబోలు.

మార్చి 27, మధ్యాహ్నం

నా నత్త సగం దాటి అక్కడే దేకుతోంది. పెద్ద మెషిన్‌కైనా ఇంకో సాఫ్ట్‌వేర్ చూద్దామని దాన్ని ఆపాను. పూల్‌లో తిండిపోతు మాయం. మళ్లీ నడిపాను, వచ్చాడు. ఆపాను, పోయాడు. ఇంకోసారి. ఇంకోసారి.

స్టార్ట్ ఫైలు తెరిచాను. చిన్న మెషిన్లో తెరిచాను గానీ ఇందులో అసలు తెరవనే లేదు. మీ వాలెట్ అడ్రస్ ఇక్కడ పెట్టుకోండి అని సాఫ్ట్‌వేర్ రాసినవాడు పెద్ద అక్షరాలతో అరిచి మరీ రాశాడు. దాని కింద నమూనాకి తన సొంత అడ్రస్ పెట్టుకున్నాడు. పెద్ద మెషిన్ పగలనకా రాత్రనకా చెమటోడ్చి ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడిని మేపింది. నేను నాతోనే పోటీపడి, నన్ను మేపని పాపానికి వాణ్ని దొంగా అని తిట్టాను.

టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా ఆడపడుచు అంతా చూసింది. నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. నవ్వు, నీకేం, ఈ గది పోతే నాకు తలుపు వేసుకునే చోటే లేదు అనేశాను. తను నవ్వు ఆపింది. హాల్లో మంచం మీద పడుకునేదాన్ని, ఆ మాట నాకా చెప్తున్నావు వదినా అంది.

ఇన్నేళ్లుగా తను హాల్లోనే పడుకుంటోంది. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది.

మార్చి 28

పెద్ద మెషిన్లో అడ్రస్ మార్చాను. దొంగ అన్నందుకు సాఫ్ట్‌వేర్ రాసినాయనకి క్షమాపణ రాశాను. నా నత్త పూర్తి కావాలంటే ఈ మూడు రోజులు చాలవు, తెలుసు.

మార్చి 31, మంగళవారం

భోజనాల దగ్గర ఆయన అడిగారు, ఏమైంది, కాయిన్ వచ్చిందా అని. నా లెక్కలో ఇంకా ఒకటి కాలేదు. నోరు తెరిచేలోపే మా ఆడపడుచు అందుకుంది. ఒకటేంటన్నయ్యా, రెండు దాకా పుట్టాయి, నా కళ్లతో చూశాను అంది. అబద్ధం కాదు. ఎవరి కడుపులోకి పోయాయో చెప్పలేదంతే.

అయితే గది మీ వదినదే అన్నారాయన. నాదే కదా, అందులో సగం దానికిచ్చేస్తున్నాను అన్నాను. తలుపు ఇద్దరిదీ. మరి నెల్లాళ్లూ కొట్టుకుచచ్చింది దేనికి అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మా ఆడపడుచు నా వైపు చూడలేదు, పెరుగు గిన్నె మాత్రం నా ముందుకు జరిపింది.

ఏప్రిల్ 2

ఆయన దగ్గరనుంచి జవాబొచ్చింది, సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గరనుంచి. గ్రూపులో తిడుతున్న మనిషీ, తనకి నత్తలు పోస్తున్న మనిషీ వేరువేరు అనుకున్నాడట. ఎవరో దయగలవారున్నారని మురిసిపోయి, మానేద్దామనుకున్న సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ ముందేసుకున్నాడట. పాత కార్డులు ఇంకా బాగా నడిచేలా రాస్తున్నాడట. అన్నీ తిరిగి పంపేస్తాను, మన్నించండి అన్నాడు.

ఒకటి పంపండి, మిగతాది ఉంచుకోండి అని రాశాను. దయగల మనిషిగా ఉండటం కూడా బాగానే ఉంది.

ఏప్రిల్ 6, ఉదయం పదకొండు

అద్దం బిగించారు. అందులో రెండు మెషిన్లూ నాలుగయ్యాయి. మొదటి కస్టమర్ కళ్లు మూసుకుని కూర్చుని, ఆ చప్పుడేంటండీ అని అడిగింది.

నత్తలు మేస్తున్నాయి, కదలకండి అంది మా ఆడపడుచు.