గీత దాకా నీళ్లు

ఫిబ్రవరి 9. మంచు. గోదాములో రంగు డబ్బాలు దించి దుమ్ము దులిపాను.

ప్రియమైన అక్కకు,
నువ్వు మా ఇంట్లో ఒక రోజంతా పట్టిన మూత్రం క్యాన్ ల్యాబులో ఇచ్చాను. రిపోర్టు నేరుగా మీ డాక్టరమ్మకే పంపుతారట. ఆమె ఏమన్నది? కాళ్ల వాపు తగ్గిందా? మాత్రలు వేసుకుంటున్నావా? వెంటనే రాయి.
నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,
రెండు ముక్కలకు మించి రాయనివాడివి, ఇన్ని ప్రశ్నలేంట్రా! రిపోర్టు బ్రహ్మాండం. మూత్రంలో ప్రోటీన్ హద్దులోనే ఉందట, కిడ్నీలకు ఢోకా లేదట. మాత్రలు ఆపేస్తున్నా. కాళ్లంటావా, బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడితే ఎవరికి వాయవు? అంతా నీ చేతి చలవ.
ప్రేమతో, అక్క

*

ఫిబ్రవరి 17. మబ్బు. ఏ పనీ చేయలేదు.

అక్కా,
మాత్రలు ఆపకు, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ రోజు ల్యాబు ముందు సైకిలు ఒరిగి క్యాన్‌లోది సగం నేలపాలైంది. అప్పటికే నువ్వు బస్సెక్కావు. మళ్లీ రోజంతా పట్టమని చెప్పడానికి నోరు రాలేదు. కుళాయి దగ్గర, క్యాన్ మీద మునుపు నిండి ఉన్న గీత దాకా నీళ్లు పోసి ఇచ్చాను. మా గోదాములో గీత దాకా ఉంటే సరుకు సరిపోయినట్టే. సగం ప్రోటీన్ మట్టిలో కలిస్తే రిపోర్టులో సగమే తేలుతుందని నీ ఉత్తరం చదివాకే తట్టింది. ఇది డాక్టరమ్మకు చూపించు.
ముఖం చెల్లని తమ్ముడు

*

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,
మాత్రలు ఆపలేదులే. రిపోర్టులో క్రియాటినిన్ అని ఇంకో అంకె ఉంటుంది. ఒంట్లో కండను బట్టి అది రోజూ ఇంచుమించు ఒకేలా పోతుందట. నాది సగమే వచ్చింది. "ఇది రోజంతటిది కాదమ్మా, ఎవరు పారబోశారు?" అంది డాక్టరమ్మ. నీ ప్రశ్నలు గుర్తొచ్చాయి. అడిగితే మూగనోము పడతావని, నీ అంతట నువ్వే చెప్పాలని, బాగుందని అబద్ధం రాశాను. నిన్ను అలా ఏడిపించడం నా తప్పే.
మళ్లీ పట్టి ఇచ్చాను. ప్రోటీన్ చాలా ఎక్కువే పోతోంది. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలట. సోమవారం నా పక్కన ఉంటావా?
అక్క

*

ఫిబ్రవరి 24. ఎండ. గోదాము తాళాలు యజమానికి అప్పగించాను.

అక్కా,
ఉంటాను. మొద్దుబారేలా సూది వేసి తీస్తారట, ఇక్కడి కాంపౌండరును అడిగాను. భయమేస్తే నాతో చెప్పు, దాచుకోకు. ఈ మాట అనడానికి నాకేం అర్హత ఉందంటావేమో. లేదు. అయినా చెప్పు. బస్సుకు ఇంకా వ్యవధి ఉంది, చొక్కా ఇస్త్రీ చేసి, ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని బయల్దేరతాను.
నీ తమ్ముడు