ఫస్టు ర్యాంకు మొక్కు

చిరంజీవి రూపర్ట్‌కి సింగపూర్, బుకిట్ బటోక్ నుంచి ఒక ఆంటీ ఆశీస్సులు.

నేనెవరో నీకు తెలియదు. మా అమ్మాయి వాళ్ళింట్లో మీ బ్రిటన్ పాటల చానల్ వస్తుంది. ప్రతి శుక్రవారం పాటలకి నలభై నుంచి ఒకటి దాకా ర్యాంకులు చెబుతారు. ర్యాంకులంటే మా ఇంటిల్లిపాదికీ ఉన్న జబ్బే కనక వదలకుండా చూస్తున్నాను. ఒక శుక్రవారం నువ్వు వానలో గొడుగు లేకుండా, చిరిగిన స్వెటర్‌తో, వారం రోజులుగా తిండి లేనివాడిలా నడుస్తూ పాడావు. ముప్ఫై ఏడో ర్యాంకన్నారు. నా కడుపు తరుక్కుపోయింది.

ఫస్టు ర్యాంకొస్తే నీ తలనీలాలు తిరుపతిలో ఇప్పిస్తానని వెంకన్నకి మొక్కేశాను. పోయిన శుక్రవారం వచ్చేసింది! నిన్నడక్కుండా మొక్కానంటావేమో, మా పిల్లల్ని మాత్రం ఎప్పుడడిగాను?

ఇది ఇంగ్లీషులో రాసిపెట్టమంటే మా మనవరాలు నిఖిల "క్యానాట్ లా, అమ్మమ్మా! ఆ హెయిర్ కోసమే అందరూ అతన్ని చూస్తారు" అని ఇక్కడి యాసలో కుదరదనేసింది. అందుకే తెలుగులో రాస్తున్నాను. మీ దేశంలో తెలుగు డాక్టర్లు బోలెడుమంది ఉన్నారట, ఎవరిచేతైనా చదివించుకో.

భుజాల దాకా పెంచిన జుట్టు, కష్టమే. నీకు సిగ్గయితే నీ పక్కనే కూర్చుని నేనూ గుండు చేయించుకుంటాను.

ఇంతవరకు రాసి టీవీ పెట్టాను. నాలుగుకి పడిపోయావు. చూశావా, స్వామి అప్పుడే గుర్తు చేస్తున్నాడు. త్వరగా బయల్దేరు నాయనా. నువ్వు మళ్ళీ ముప్ఫై ఏడుకి పోతే నేను చూడలేను.